మధ్యలో నిలబడ్డ మినార్

కుతుబ్ మినార్ దగ్గరికి వచ్చిన వాళ్ల కెమెరాలన్నీ పైకే చూస్తాయి. పక్కనున్న మసీదు ప్రాంగణంలో ఏడు మీటర్ల ఇనుప స్తంభం ఉంటుంది. గైడ్లు దాన్ని తుప్పు పట్టని వింతగా పరిచయం చేసి ముందుకు నడిచేస్తారు. తుప్పు సంగతి అలా ఉంచితే, దాని వయసు అంతకన్నా పెద్ద వింత.

స్తంభం మీద ఉన్న ‘చంద్ర’ అనే పేరు గుప్త చక్రవర్తి రెండో చంద్రగుప్తుడిదేనని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. అంటే క్రీ.శ. 400 ప్రాంతం. కుతుబుద్దీన్ ఐబక్ మినార్ పని మొదలుపెట్టింది 1199 ప్రాంతంలో. అప్పటికే స్తంభానికి 800 ఏళ్లు. ఇప్పుడు మినార్ వయసు 825 ఏళ్లు దాటింది. మనకు మినార్ ఎంత పాతదో, ఐబక్‌కు ఆ స్తంభం దాదాపు అంత పాతదన్నమాట. స్కూలు పుస్తకంలో మాత్రం గుప్తులకూ బానిస వంశానికీ మధ్య ఉండేవి కొన్ని పేజీలే. మిగతా పుస్తకమంతా ఆ తర్వాతి కథ. దగ్గరి కాలానికి ఆధారాలు ఎక్కువ కాబట్టి పేజీలూ ఎక్కువే. పేజీలను బట్టి ఏళ్లను అంచనా వేసుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

ఎర్రకోట లెక్కా ఇలాంటిదే. షాజహాన్ కోట 1648లో పూర్తయింది. మినార్ మొదలైన 450 ఏళ్లకు. అప్పటి నుంచి ఇప్పటికి 380 ఏళ్లకు మించలేదు. షాజహాన్ ఐబక్ కంటే మనకే దగ్గరివాడు. టూరిస్టు బస్సు ఉదయం కుతుబ్, మధ్యాహ్నం ఎర్రకోట చూపించి రెండింటినీ ‘సుల్తానుల కాలం’ అనే ఒకే సంచిలో వేసేస్తుంది.

అందరికంటే విచిత్రమైన దూరాన్ని మోసుకొచ్చినవాడు ఫిరోజ్ షా తుగ్లక్. ఇప్పటి హర్యానాలోని తోప్రా గ్రామం దగ్గర నిలబడి ఉన్న అశోకుడి స్తంభాన్ని 1350లలో ఢిల్లీకి తెప్పించాడు. దూది గుట్టల మీదికి మెల్లగా ఒరిగించి, 42 చక్రాల బండి మీదికి ఎక్కించి, యమునలో పడవల మీద తీసుకొచ్చి కోట్లాలో నిలబెట్టారు. అప్పటికి దాని వయసు దాదాపు 1,600 ఏళ్లు. మీద ఏం రాసి ఉందో చెప్పమని సుల్తాను పండితులను పిలిపించాడు. ఒక్కరికీ అక్షరం అంతుచిక్కలేదు. భీముడి చేతికర్ర అని జనం చెప్పుకున్నారు. ఆ బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివేదాకా 480 ఏళ్ల పాటు అది ఢిల్లీలో మూగరాయే. చదివి ఇంకా 190 ఏళ్లు కూడా నిండలేదు.

ఆ స్తంభం ఢిల్లీ చేరినప్పుడు సుల్తానుకు వజీరుగా ఉన్నది ఒక తెలుగువాడు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో పనిచేసి, 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక మతం మారి, మాలిక్ మక్బూల్‌గా ఢిల్లీలో అంచెలంచెలుగా ఎదిగిన ఖాన్ ఎ జహాన్ తిలంగానీ. (ప్రతాపరుద్రుడిని, కృష్ణదేవరాయలను ఇరుగుపొరుగు కాలాల వాళ్లుగా భావించే తెలుగువారికి ఒక లెక్క: ఓరుగల్లు పతనానికీ, రాయల పట్టాభిషేకానికీ మధ్య 186 ఏళ్లు. బ్రాహ్మీ గుట్టు వీడి ఇప్పటికి దాదాపు అయినన్ని.) నిజాముద్దీన్ బస్తీలోని ఆయన సమాధి ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధులకు తొలి నమూనా. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న హుమాయూన్ సమాధి కంటే దాదాపు 200 ఏళ్లు పెద్దది. హుమాయూన్ సమాధి ప్రపంచ వారసత్వ సంపద. తిలంగానీ సమాధి ఇళ్ల మధ్య ఇరుక్కుపోయింది. టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు.

వయసు ఒక్కటే కట్టడాన్ని కాపాడదు. కానీ వయసు చాలకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. 1958 నాటి చట్టం ప్రకారం పురాతన కట్టడమనిపించుకోవాలంటే కనీసం వందేళ్లు నిండాలి. 1931లో ప్రారంభమైన న్యూఢిల్లీని ఇప్పటికీ ‘బ్రిటిష్ ఢిల్లీ’ అంటారు గానీ, అక్కడి నుంచి బ్రిటిష్ వాళ్లు పాలించింది 16 ఏళ్లే. 1927లో ప్రారంభమైన పాత పార్లమెంటు భవనం వాళ్లకు 20 ఏళ్లు పనికొస్తే, 2023లో కొత్త భవనంలోకి మారేదాకా స్వతంత్ర భారతానికి 76 ఏళ్లు పనికొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో ప్రగతి మైదాన్‌లో ‘హాల్ ఆఫ్ నేషన్స్’ కట్టారు. వాస్తుశిల్పి రాజ్ రేవాల్, ఇంజనీరు మహేంద్ర రాజ్. ఉక్కు దొరకడం కష్టమైన రోజుల్లో కాంక్రీటుతోనే అల్లిన ఆ భారీ జాలీ కట్టడాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. దాన్ని కూల్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, 60 ఏళ్లు నిండని భవనాలను వారసత్వ జాబితాకు పరిశీలించేది లేదని ఢిల్లీ హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ తేల్చేసింది. హాలుకు అప్పటికి 45 ఏళ్లు. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రే నేలమట్టం చేశారు. 2032 దాకా నిలబడి ఉంటే కనీసం పరిశీలనకైనా అర్హత వచ్చేది.