ఎండ ఋణము

ఎండను గూర్చి మన తెలుగువారు మంచిమాట పలుకుట అరుదు. చైత్రము ప్రవేశించినది మొదలు మృగశిర కార్తె వచ్చువరకు దానిని తిట్టని నోరుండదు. వేపచెట్టు నీడను, కుండలోని చల్లని నీటిని, తాటిముంజలను ఆశ్రయించి ఆ రెండుమూడు నెలలను గట్టెక్కించుట మనకు తాతముత్తాతల నాటినుండి వచ్చిన విద్య. ఉత్తర ఇంగ్లండునందు మా కుమారుని యింట ఒక శీతకాలము గడపువరకు, ఎండ యనునది కరవు పడగల వస్తువనియు, దానిని డబ్బు పెట్టి కొని, తీగలతోను దీపములతోను ఇంటిలో అమర్చి పెట్టనిచో ప్రాణము నిలువని జీవులు కలవనియు నేనెన్నడును తలచి యెరుగను.

డిసెంబరు మాసమున అచట ఉదయము 8 గంటలు దాటినగాని సూర్యుడు తొంగిచూడడు. సాయంకాలము 4 గంటలు కాకమునుపే నిష్క్రమించును. ఆ కొద్దిసేపైనను మేఘముల వెనుక తెల్లని మరకవలె కానవచ్చుటయే గాని మేనికి వెచ్చదన మిచ్చుట లేదు. అట్టి యింటి ముందుగదిలో, కిటికీ ప్రక్కన, అద్దపు తొట్టిలో మా మనుమరాలి తాబేలు ఉండెడిది. అది హార్స్‌ఫీల్డు జాతిది. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశముల పచ్చిక బీళ్లలో, నిర్మలమైన ఆకాశము క్రింద, నేలను త్రవ్వుకొని బ్రతుకు ప్రాణి. అమ్మినవారు దానితోపాటు ఒక చిన్న బల్బును, తొట్టి అడుగున పరచుటకు విద్యుత్తుతో వేడెక్కు ఒక చాపను ఇచ్చి, ఇంతకు మించి యేమియు అక్కరలేదని చెప్పిరట. నేను వెళ్లునప్పటికి అది ఆకులను ముట్టుట మానివేసినది. బొటనవ్రేలితో నొక్కిచూడగా డిప్ప అంచు మెత్తగా లొంగినది. పిల్ల మాత్రము అది తనపై అలిగినదని తలచి రోజంతయు బుజ్జగించుచుండెను. పశువైద్యురాలు పరీక్షించి, అది అలుక కాదనియు, ఎండ లేక ఎముక మెత్తబడుచున్నదనియు చెప్పినది. దీపము వెలుగుచుండగనే, కిటికీ ప్రక్కన నుండగనే, ఎండ లేకపోవుట ఎట్లు సంభవించెనన్న ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు.

కంటికి కనిపించు వెలుగు సూర్యునిలో ఒక భాగము మాత్రమే యనుట దానికి సమాధానము. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళజ్ఞుడు పట్టకముతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల, ఏ రంగును లేనిచోట ఉష్ణమాపకము నుంచగా పాదరసము పైకెక్కినది. మరుసటి యేడు జర్మనీలో యోహాన్ రిట్టర్ ఊదారంగునకు ఆవలి చీకటిలో వెండి లవణము నుంచగా అది నల్లబడినది. ఒక ప్రక్క వేడిమి నిచ్చు పరారుణ కిరణములు, మరియొక ప్రక్క అతినీలలోహిత కిరణములు, నడుమ మన కన్నెరిగిన వెలుగు; తాబేటికి ఈ మూడును కావలెను. మనము మాత్రము మన కంటిని నమ్మి, గది ప్రకాశించుచున్నది గదా యని తృప్తి చెందెదము. ఇంటిలో తాబేటిని పెంచువారి పొరపాట్లలో పెక్కులు ఈ భ్రమనుండియే పుట్టుచున్నవి.

మొదట వేడిమి సంగతి. మన శరీరము తన వెచ్చదనమును తానే పుట్టించుకొనును. తాబేలు దానిని బయటినుండి అరువు తెచ్చుకొనవలెను. అరువు దొరకనినాడు జీర్ణశక్తి మందగించును, రోగమును ఎదుర్కొను శక్తి సన్నగిల్లును. సెల్బర్న్ గ్రామమున నివసించిన గిల్బర్ట్ వైట్ అను మతాచార్యుడు, తన మేనత్త గతించిన పిమ్మట 1780 లో ఆమె పెంచిన తిమోతి యను తాబేటిని తన తోటకు తెచ్చుకొనెను. ఎండ వాలిపోవు శరదృతువునందు తాబేలు పండ్లచెట్లను ప్రాకించిన గోడ చెంతకు చేరి, ఆ గోడనుండి మరలివచ్చు వెచ్చదనమును గూడ గ్రహించుచు, డిప్పను గోడకు ఏటవాలుగ ఆనించి బలహీనమైన ప్రతి కిరణమునకును ఎదురొడ్డుటను ఆయన గమనించి, 1789 లో వెలువడిన తన గ్రంథమున వర్ణించెను. జ్యామితి చదువని ప్రాణికి ఇంత లెక్క తెలిసియుండగా, దానిని తెచ్చి నాలుగు గోడల నడుమ పెట్టిన మనకు అందులో సగమైనను తెలియవలదా?

ఆ లెక్క ప్రకారము వేడిమి పైనుండి రావలెను, క్రిందినుండి కాదు. సహజస్థలములలో వేడి అధికమైనప్పుడు తాబేలు నేలను త్రవ్వి లోపలి చల్లదనమును ఆశ్రయించును. అడుగున వేడిచాప పరచినచో, చల్లదనమునకై త్రవ్వినకొలది దానికి వేడియే ఎదురగును. అంతకన్న క్రూరమైన మోసము వేరొకటి లేదు. ఒక కొసన దీపము క్రింద 32 మొదలు 35 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిమి యుండి, రెండవ కొసన 20, 22 డిగ్రీలకు దిగజారుచుండవలెను. ఎండయు నీడయు రెండును అందుబాటులో నుండగా ఎప్పుడెచట నిలువవలెనో తాబేలే నిశ్చయించుకొనును. ఆ నిర్ణయాధికారమును దానికి విడిచిపెట్టుటయే పెంపకములోని ప్రథమధర్మము. దీపపు కాంతి సన్నని ధారవలె ఒక్కచోట పడక, వీపంతయు కప్పునంత విశాలముగ పడవలెను. లేనియెడల నడినెత్తిన డిప్ప ఎండిపోయి, మిగిలిన దేహము చల్లగనే యుండును. వేడిమి ఎంత ముఖ్యమో తేమయు అంతే. డిప్ప గుట్టలుగుట్టలుగా ఉబ్బి పెరుగుటకు పొడిగాలి ప్రధానకారణమని ఆఫ్రికా తాబేళ్లపై జరిపి 2003 లో ప్రకటించిన పరిశోధన తేటపరచినది.

అతినీలలోహిత కిరణముల సంగతి ఇంతకన్న సూక్ష్మమైనది. వానిలో 290 మొదలు 315 నానోమీటర్ల వరకు గల భాగము చర్మమునందలి ఒకవిధమైన కొవ్వుపదార్థమును తాకి, దేహపు వెచ్చదనము తోడుకాగా దానిని డి3 విటమినుగా మార్చును. అది లేనిదే తిన్న ఆకులోని సున్నము ఎముకకు చేరదు. డిప్ప కూడ ఎముకయే యని మరువరాదు. సాధారణమైన కిటికీ అద్దము వెలుగును లోనికి రానిచ్చి, ఈ కిరణములను మాత్రము దాదాపు పూర్తిగా బయటనే ఆపివేయును. మా మనుమరాలి తాబేలు నెలల తరబడి కిటికీ ప్రక్కన కూర్చుండియు ఎండకు నోచుకొనకపోవుటలోని రహస్య మిదియే.

ఈ వ్యాధి తాబేళ్లకు మాత్రమే వచ్చునది కాదు. పొగ కమ్మిన ఐరోపా నగరములలో పేదపిల్లల కాళ్లు వంకరలు పోవుచున్న కాలమున, 1919 లో, బెర్లిన్ నగరపు వైద్యుడు కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ పాదరస దీపపు కిరణములతో ఆ పిల్లల ఎముకలను గట్టిపరచి చూపెను. నేడు తాబేటిపై వ్రేలాడు దీపము ఆ దీపమునకు వంశజమే. బ్రిటనునందలి ఆరోగ్యశాఖవారు దక్షిణాసియా సంతతివారిని, అచటి ఎండ మన మేనిఛాయకు చాలదు గనుక, ఏడాది పొడవున దినమునకు 10 మైక్రోగ్రాముల డి విటమిను తీసికొనుటను ఆలోచింపుమని చెప్పుచున్నారు. మా కోడలు ప్రతి ఉదయము మా అందరికిని ఆ మాత్రను పంచునప్పుడు, తొట్టిలోని ప్రాణియు మేమును ఒక్క సూర్యునికే దూరమైన బంధువులమని నాకు తోచెడిది.

పిమ్మట ఆ అద్దపు తొట్టిని తీసివేసి, పైకప్పు లేని విశాలమైన చెక్కపెట్టె నొకటి మా కుమారుడు స్వయముగ తయారుచేసినాడు. వేడినిచ్చు దీపమును, అతినీలలోహిత కిరణము లిచ్చు పొడుగాటి ట్యూబును, ప్రకృతిలో ఎండయు వెచ్చదనమును కలిసియే వచ్చును గనుక, ఒకే కొసన ప్రక్కప్రక్కన బిగించినాడు. వేడిదీపమునకు పింగాణీ హోల్డరు, దానిని పట్టియుంచుటకు గొలుసు, వేడిని అదుపులో నుంచుటకు థర్మోస్టాటు, రెండు కొసలను రెండు ఉష్ణమాపకములు అమర్చబడినవి. పట్టు తప్పి ఎండుగడ్డిపై పడిన దీపము ఇంటినే దహింపగలదు గనుక గొలుసు విషయమున అలసత్వము పనికిరాదు. పగలు 12 గంటలు దీపములు. రాత్రి సంపూర్ణమైన చీకటి. ఎర్రబల్బు వెలుగు తాబేటికి తెలియదని కొందరు చెప్పుదురు గాని అది సరికాదు. గది మరీ చల్లబడినచో వెలుగునీయని పింగాణీ హీటరు చాలును. ఆ ట్యూబు కంటికి ఎంత కాంతివంతముగ నున్నను, దాని కిరణబలము నెలలు గడచినకొలది క్షీణించును. కావున ఏడాదికొకమారైనను మార్చవలెను. మా మనుమరాలు దానిని బిగించిన తేదీని పెన్సిలుతో పెట్టె అంచున వ్రాసి పెట్టినది. అప్పు తీసికొన్నవాడు పత్రముపై వేయు తేదీవలె అది నా కంటికి కనిపించినది.

నిజముగ ఇది అప్పే. ఒక ప్రాణిని సూర్యునినుండి ఎడబాపినవాడు ఆ ప్రాణికి సూర్యుని బాకీపడినాడు; ఆ బాకీ ఒకనాటితో తీరునది కాదు, తాబేలు జీవించు నలువది యేబది యేండ్లును ప్రతిదినము తీర్చవలసినది. 2006 లో చేసిన జంతుసంక్షేమ చట్టముచేత ఇంగ్లండు దేశము, పెంచువాడు ప్రాణికి తగిన పరిసరములను కల్పించుటను విధిగా నిర్దేశించినది. అయినను చట్టము ఇంటింటికి వచ్చి దీపమును పరీక్షింపజాలదు. కనుక తాబేటిని అమ్మువారు ముందుగ దీపములను, పెట్టెను, ఏటేట అగు వ్యయమును చూపి, వానిని సిద్ధపరచుకొన్నవారికే ప్రాణిని అప్పగించుట ధర్మమని నా నిశ్చితాభిప్రాయము. అంత వ్యయమునకు, అంత శ్రద్ధకు ఓర్వలేనివారు ఆ కోరికను మానుకొనుట దయలో మొదటి మెట్టు.

నేను బయలుదేరు దినమున మా మనుమరాలు, దీపము క్రింద మెడ చాచి, నాలుగు కాళ్లను వెనుకకు జాపి సుఖముగ పరుండిన తాబేటిని చూపుచు, "మన ఊళ్లో తాబేళ్లకు దీపం ఎవరు పెడతారు తాతయ్యా?" అని అడిగినది. సూర్యుడే పెట్టునని చెప్పితిని. చెప్పిన పిమ్మట ఆ మాట నన్ను నిలదీసినది.

నల్లని డిప్పపై పసుపుపచ్చని కిరణములు చెక్కినట్లుండు నక్షత్ర తాబేలు మన రాయలసీమ పొదలలో పుట్టి పెరుగు ప్రాణి. మండువేసవి మధ్యాహ్నము ముండ్లపొద నీడను దాగి, తొలకరి చినుకులకు బయటపడి లేతగడ్డిని మేయు దానికి ఏ థర్మోస్టాటును అక్కరలేదు. అట్టిదానిని గోనెసంచులలో మూటగట్టి విదేశములకు దొంగచాటుగ తరలించుచున్నారు. చలిదేశములలో దీపముల క్రింద బ్రతుకు నక్షత్ర తాబేళ్లలో మన నేలనుండి అపహరింపబడినవియు లేకపోలేదు. 2019 లో జెనీవాలో సమావేశమైన దేశములు ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారమును అత్యంత కఠినమైన నిషేధపు పట్టికలో చేర్చినవి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత దీనిని పట్టుటయు, అమ్ముటయు, ఇంటిలో నుంచుకొనుటయు నేరములు. అయినను తాబేలు ఇంటనున్న సిరి కలుగునన్న నమ్మికతో, నగరములలో నున్నని గచ్చుపైనను, స్నానపుగది బకెట్టులోనను, ఎండ చొరని మేడగదులలోనను దానిని దాచువా రున్నారు. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రమున విష్ణుమూర్తిని కూర్మరూపమున కొలుచు జాతి మనది. కొలుచు రూపమును చీకటిగదిలో మెత్తబడజేయుట పూజ కానేరదు. అట్టి తాబేలు ఎచటనైన కంటబడినచో, అది రోగములను మోసికొని పోవచ్చును గనుక, జాలిపడి దగ్గరి పొదలో విడిచిపెట్టక, అటవీశాఖవారికి తెలుపుట మన విధి.

చలిదేశపు పసిపిల్ల పెన్సిలుతో తేదీ వ్రాసికొని, ఏటేట డబ్బు వెచ్చించి తీర్చుచున్న ఋణమును మనము అసలు చేయకుండుటకే అవకాశమున్నది. అందులకు ఒక్క దీపమును కొననక్కరలేదు; పొదక్రింద కనిపించిన తాబేటికి చేయి చాపక, మన దారిని మనము పోయిన చాలును.