టికెట్ ఎవరికో తేల్చేదెవరు? అమెరికా ‘క్లోజ్డ్ ప్రైమరీ’, మన బీ-ఫారం

ఎన్నికల ముందు మీ ఫోన్‌కు ఐవీఆర్‌ఎస్ కాల్ వచ్చే ఉంటుంది. ‘ఫలానా నాయకుడు అభ్యర్థి అయితే మద్దతిస్తారా? ఒకటి నొక్కండి’ అంటారు. మీరు నొక్కుతారు. ఎవరికి ఎన్ని వచ్చాయో మాత్రం బయటికి రాదు. ఆ లెక్కకు పార్టీ కట్టుబడాల్సిన పనీ లేదు.

అమెరికాలో ఇదే పనికి ఏకంగా ఎన్నికే పెడతారు. దాన్నే ప్రైమరీ అంటారు.

క్లోజ్డ్ ప్రైమరీ అంటే?

ఓటరుగా నమోదయ్యేటప్పుడే మీ పార్టీ ఏదో రాయించుకోవాలి. డెమొక్రాట్‌గా నమోదైతే ఆ పార్టీ ప్రైమరీలోనే ఓటు. ఏ పార్టీ రాయించుకోకపోతే పార్టీ అభ్యర్థి ఎంపికలో ఓటుండదు. అసలు ఎన్నికల్లో మాత్రం ఎవరికైనా వేయొచ్చు.

మేరీల్యాండ్‌లో ఈ పద్ధతే ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో అక్కడ కాంగ్రెస్ స్థానానికి డెమొక్రాట్ల ప్రైమరీలో డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు. 2022లో వెస్ మూర్‌తో జోడీగా ప్రైమరీ నెగ్గి, 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

మన దగ్గర?

బీ-ఫారం ఎవరి పేరున ఉంటే వారే పార్టీ అభ్యర్థి. దానిపై సంతకం చేసే అధికారం ఎవరిదో ఏ-ఫారం చెబుతుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా రెండూ రిటర్నింగ్ అధికారికి అందాలి. ఆలోగా పార్టీ పేరు మార్చేయొచ్చు. కార్యకర్తల ఓటు తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు.

2024లో జమ్మలమడుగు చూడండి. టీడీపీ ఇన్‌చార్జిగా పనిచేసుకుంటున్న భూపేశ్‌రెడ్డిని కడప లోక్‌సభకు పంపారు. పొత్తులో అసెంబ్లీ సీటు బీజేపీ తరఫున ఆదినారాయణరెడ్డికి వెళ్లింది. తేల్చింది పార్టీల పెద్దలే.

ఎందుకు పట్టించుకోవాలి?

పులివెందులలో 1978 నుంచి వైఎస్ కుటుంబీకులే గెలుస్తున్నారు. ఇలా ఒకే పక్షానికి పట్టున్న చోట టికెట్ దక్కితే సగం గెలిచినట్టే. ఆ సగంలో ఓటరుకు పాత్రే లేదు.

అలాగని అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. అక్కడ ఓటరు జాబితాలో పార్టీ పేరుంటుంది, ఆ జాబితా పార్టీల చేతికీ వస్తుంది. 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నికకే రెండు కేంద్రాల్లో రీపోలింగ్ జరపాల్సి వచ్చింది. అలాంటి చోట ఎవరు ఏ పార్టీయో ప్రభుత్వ కాగితం మీదే రాసిపెడితే ఏమవుతుందో ఊహించండి.

పార్టీ సభ్యులకే రహస్య ఓటు ఇవ్వడం మధ్యేమార్గం. రూ.100 సభ్యత్వానికి టీడీపీ ప్రమాద బీమా ఇస్తోంది. టికెట్‌పై ఓటు మాత్రం ఏ ప్రధాన పార్టీ సభ్యత్వ కార్డూ ఇవ్వడం లేదు. కార్డు తీసుకునే ముందు అడగాల్సింది అదే.