బోర్డు మారింది... డోర్ నంబరు మారలేదు!

ఒక ఊళ్లో 'గుంటూరు మిర్చి దుకాణం' ఉందనుకోండి. మొదట్లో అక్కడ గుంటూరు మిర్చి తప్ప మరోటి దొరికేది కాదు. రానురాను జనం అడుగుతున్నారని వరంగల్ చపాటా, కర్ణాటక బ్యాడిగి కూడా తెచ్చి పెట్టాడు యజమాని. బోర్డు మాత్రం పాతదే. బ్యాడిగి కావాల్సినవాళ్లు ఆ బోర్డు చూసి 'ఇక్కడ ఉండదులే' అనుకుంటూ వెళ్లిపోతున్నారు. పోనీ బోర్డు మార్చేద్దామా అంటే, పాత ఖాతాదారులు కొట్టు ఎత్తేశారనుకుంటారేమోనని భయం!

సరిగ్గా ఇలాంటి చిక్కే 2024లో ఓ సాఫ్ట్‌వేర్‌కి వచ్చింది. దాని పేరు 'క్లాడ్ డెవ్'.

నల్ల తెర వెనక పనివాడు

ఇంతకీ ఏమిటా సాఫ్ట్‌వేర్? ప్రోగ్రాములు రాసేవాళ్లకు చేతికింద పనివాడి లాంటిది. 'ఈ బిల్లులో తేదీ తప్పుగా వస్తోంది, సరిచెయ్' అని మామూలు భాషలో చెబితే చాలు. సంబంధిత ఫైళ్లు తెరిచి చదువుతుంది. తప్పెక్కడుందో వెతుకుతుంది. 'ఇలా మార్చమంటారా?' అని అడుగుతుంది. సరేనంటే మార్చి, కమాండ్ లైన్లో ప్రోగ్రామును నడిపి చూస్తుంది. మళ్లీ తప్పొస్తే మళ్లీ మొదలు.

కమాండ్ లైన్ అంటే కంగారు పడక్కర్లేదు. డాస్ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకి నల్ల తెరమీద తెల్లక్షరాలు గుర్తుండే ఉంటాయి. అదే! బొమ్మలూ బటన్లూ లేకుండా, ఆదేశాలు టైపు చేసి పని చేయించుకునే చోటు. మౌసు వచ్చాక అందరూ దాన్ని మర్చిపోయినా ప్రోగ్రామర్లు వదల్లేదు. ఇప్పుడు కృత్రిమ మేధ పుణ్యమా అని దానికి మళ్లీ గిరాకీ వచ్చింది.

అయితే ఈ పనివాడికి సొంత బుర్ర ఉండదు. ఆలోచన అవసరమైన ప్రతిసారీ ఇంటర్నెట్ ద్వారా ఏదో ఒక కంపెనీ భాషా మోడల్‌ని అడగాలి. అడిగిన ప్రతిదానికీ మీటరు తిరుగుతుంది. క్లాడ్ డెవ్ ఆ బుర్రని ఆంత్రోపిక్ కంపెనీ మోడల్ 'క్లాడ్' దగ్గర అరువు తెచ్చుకునేది. 2024 వేసవిలో ఆంత్రోపిక్ పెట్టిన ఓ పోటీ కోసం సౌద్ రిజ్వాన్ అనే ప్రోగ్రామర్ దాన్ని తయారుచేశాడు. కాబట్టి ఆ పేరు అప్పటికి సరిగ్గానే సరిపోయింది.

మూడు మాటల్లోంచి ఓ పేరు

తర్వాత ఒక్కొక్కటిగా మిగతా కంపెనీల మోడళ్లూ అందులో చేరాయి. సొంత కంప్యూటర్లోనే నడిచే మోడళ్లకూ వీలు కల్పించారు. పేరులో మాత్రం ఒక్క కంపెనీ మోడలే మిగిలింది. దాంతో 2024 అక్టోబరులో, 2.0 వెర్షన్‌తో పాటు, క్లాడ్ డెవ్ కాస్తా 'క్లైన్' అయింది. సీఎల్‌ఐ అంటే కమాండ్ లైన్ ఇంటర్‌ఫేస్. 'సీఎల్‌ఐ అండ్ ఎడిటర్' అనే ఇంగ్లిషు మాటల్లో మొదటి మూడక్షరాలు, అండ్‌లో నడిమి అక్షరం, ఎడిటర్‌లో తొలి అక్షరం... కలిపితే క్లైన్!

బోర్డు మారింది. మరి పాత ఖాతాదారుల సంగతి? క్లైన్ నివాసం మైక్రోసాఫ్ట్ వారి 'విజువల్ స్టూడియో కోడ్' అనే ఎడిటర్లో. అక్కడ ప్రతి అనుబంధ సాఫ్ట్‌వేర్‌కీ ఓ గుర్తింపు ఉంటుంది... ఇంటికి డోర్ నంబరులా. పైకి కనిపించే పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆ గుర్తింపు మారిస్తే మాత్రం ఎడిటర్ దాన్ని కొత్త సాఫ్ట్‌వేర్ కిందే లెక్కేస్తుంది. పాతది పెట్టుకున్నవాళ్లకు అప్‌డేట్లు అందవు. అందుకే పేరు క్లైన్ అయ్యాక కూడా గుర్తింపులో 'క్లాడ్-డెవ్' అనే ఉంచేశారు. వాడేవాళ్లలో చాలామంది దాన్ని గమనించి కూడా ఉండరు.

కమాండ్ లైన్లోనే ఉండే టూల్స్‌కీ ఈ తిప్పలు తప్పవు. పేరు మారిస్తే టైపు చేయాల్సిన ఆదేశం మారుతుంది. సెట్టింగులు దాచే ఫోల్డరు పేరు మారుతుంది. తాళంచెవులు, అంటే ఏపీఐ కీలు, దాచుకునే చోటు మారుతుంది. అప్‌డేట్ చేసి చూస్తే పాత సెట్టింగులన్నీ మాయం! అందుకే తెలిసినవాళ్లు కొన్నాళ్లపాటు పాత ఆదేశం కూడా పనిచేసేలా చూస్తారు. పాత ఫోల్డరులోని సరుకును కొత్తదాంట్లోకి తామే చేరవేస్తారు.

సీడీఎంఏ ఫోన్లు గుర్తున్నాయా?

అసలు ఇన్ని కంపెనీల మోడళ్లెందుకు? ఒక్కటి చాలదా? అన్న సందేహం రావచ్చు. ఇరవయ్యేళ్ల కిందట వచ్చిన సీడీఎంఏ ఫోన్లు గుర్తుతెచ్చుకోండి. వాటిలో మరో కంపెనీ సిమ్ వేసుకునే వీలుండేది కాదు. కంపెనీ నచ్చకపోతే ఫోన్నే పక్కన పడేయాల్సి వచ్చేది. ఒక్క మోడల్‌కే కట్టుబడిన టూల్ కూడా అంతే.

ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో 2023 మార్చిలో చాలామందికి తెలిసొచ్చింది. ప్రోగ్రాములు రాసే తన 'కోడెక్స్' మోడళ్లను ఆపేస్తున్నట్టు ఓపెన్‌ఏఐ కొద్దిరోజుల ముందు మాత్రమే చెప్పింది. వాటిమీద ఆధారపడి ప్రయోగాలు చేసిన పరిశోధకులు గగ్గోలు పెట్టారు. చివరికి పరిశోధకుల వరకు వాటిని అందుబాటులో ఉంచింది కంపెనీ. (2025 ఏప్రిల్‌లో అదే 'కోడెక్స్' పేరును తన కమాండ్ లైన్ టూల్‌కి పెట్టుకుంది ఓపెన్‌ఏఐ. పేరు పాతదే, సరుకు వేరు!)

2025 జూన్‌లో మరో సంఘటన. 'విండ్‌సర్ఫ్' అనే కోడింగ్ టూల్‌కి తన మోడళ్ల సరఫరాను ఆంత్రోపిక్ బాగా తగ్గించేసింది. ఐదు రోజుల గడువు కూడా ఇవ్వలేదని విండ్‌సర్ఫ్ సీఈఓ బహిరంగంగానే చెప్పారు. క్లాడ్ కావాల్సినవాళ్లలో కొందరు తమ సొంత కీ తెచ్చుకుని వాడుకోవాల్సి వచ్చింది. మరో దారి సిద్ధంగా ఉన్నవాడికి అలాంటి రోజు కూడా మామూలుగానే గడిచిపోతుంది. లేనివాడికి ఆ రోజు పని ఆగిపోతుంది.

ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి

సిమ్ మార్చినంత తేలిగ్గా మోడల్ మార్చేయొచ్చా అంటే... అక్కడే ఉంది అసలు పని. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో ఉత్తరం రాయమంటుంది. మోడల్ ఎలా నడుచుకోవాలో చెప్పే సూచనల్ని ఆంత్రోపిక్ విడిగా ఓ కవర్లో పెట్టమంటుంది. ఓపెన్‌ఏఐ వారి ప్రసిద్ధ చాట్ పద్ధతిలో అవి ఉత్తరంలోనే మొదటి పేరాగా రావాలి. 'ఈ ఫైలు తెరువు' అని మోడల్ తిరిగి అడిగే తీరు కూడా ఇద్దరిదీ వేరు. వీటన్నిటికీ మధ్యలో దుబాసీలాంటి ప్రోగ్రాము ఒకటి రాయాలి. ఓపెన్‌ఏఐ పద్ధతినే చాలా కంపెనీలు అనుసరించడంతో ఈ పని కొంత తేలికైంది. చాలాసార్లు చిరునామా, కీ, మోడల్ పేరు... ఈ మూడూ మారిస్తే కనెక్షన్ కలుస్తుంది.

కనెక్షన్ కలిసినంతలో అయిపోలేదు. ఒక మోడల్‌కి అచ్చొచ్చిన సూచనలు మరోదానికి తలకెక్కకపోవచ్చు. ఒకటి ఫైల్లో నాలుగు లైన్లు మార్చమంటే నాలుగే మారుస్తుంది. ఇంకోటి ఫైలంతా తిరగరాసి పెడుతుంది. కొత్త మోడల్‌ని చేర్చిన ప్రతిసారీ ఓపిగ్గా పరీక్షలు చేసుకోవాల్సిందే. బోర్డు రాయించడం ఒక్క పూట పని. ఈ పని నెలల తరబడి సాగుతుంది.

ఇల్లు తీసుకో... పేరు వదిలెయ్

వేరేవాళ్ల టూల్‌ని తీసుకుని తమ మోడల్‌కి తగ్గట్టు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. గూగుల్ 2025 జూన్‌లో తన 'జెమినై సీఎల్‌ఐ'ని విడుదల చేసి, దాని ప్రోగ్రామును అందరి ముందూ పెట్టింది. మరుసటి నెలలోనే చైనా కంపెనీ అలీబాబాకు చెందిన క్వెన్ బృందం దాని ఆధారంగా 'క్వెన్ కోడ్'ను తెచ్చింది. తమ మోడళ్ల జవాబులను సరిగా అర్థం చేసుకునేలా మార్పులు చేసుకుంది. క్లైన్‌కీ ఇలాంటి సంతానం ఉంది. దాన్నుంచి విడిపోయిన 'రూ క్లైన్' 2025 జనవరిలో 'రూ కోడ్'గా మారింది.

ఇది చౌర్యం కాదా? కాదు. ఈ టూల్స్ 'అపాచీ లైసెన్సు 2.0' కింద విడుదలయ్యాయి. 2004 జనవరి నాటి ఆ లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పాత హక్కుదారుల ప్రస్తావన తీసేయకూడదు. మార్చిన ఫైళ్లలో మార్చామని చెప్పాలి. అసలువాళ్ల ట్రేడ్‌మార్కు పేరు తగిలించుకోవడానికి మాత్రం లైసెన్సు అనుమతివ్వదు. ఎక్కణ్నుంచి తెచ్చారో చెప్పేందుకు పేరు ప్రస్తావించొచ్చు, అంతే. అందుకే కొత్త కాపురం పెట్టినవాళ్లు కొత్త పేరు వెతుక్కుంటారు.

తెలుగువాళ్లకి ఇందులో ఏముంది?

చాలానే ఉంది. మోడళ్ల మీటరు తిరిగేది 'టోకెన్ల' లెక్కన. టోకెన్ అంటే మాటలోని ఓ ముక్క. ఇంగ్లిషు మాటలు తక్కువ ముక్కలవుతాయి, తెలుగు మాటలు ఎక్కువ. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ ఓ ఉదాహరణ ఇచ్చింది. ఒక చిన్న పలకరింపు సందేశం తెలుగులో పాత పద్ధతి ప్రకారం 159 టోకెన్లు. కొత్త పద్ధతిలో 45. అదే సందేశం ఇంగ్లిషులో 27 నుంచి 24కి మాత్రమే తగ్గింది.

అంటే తెలుగులో ఆదేశాలిచ్చేవాళ్లకి, తెలుగు యాప్‌లు తయారుచేసేవాళ్లకి మోడల్ మారితే బిల్లు ఇంగ్లిషువాళ్లకంటే ఎక్కువగా మారొచ్చు. మోడల్‌ని ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ అవసరం కూడా వాళ్లకే.

ఇంట్లో ఇంజినీరింగ్ పిల్లలుంటే...

* ఏపీఐ కీ ఏటీఎం పిన్ లాంటిదే. దాన్ని ప్రోగ్రాములో రాసేసి ఇంటర్నెట్లో పెడితే వేరేవాళ్లు వాడుకుంటారు, బిల్లు మీకొస్తుంది.

* నెలకి ఇంత అని ఖర్చు పరిమితి పెట్టే వీలుంటే మొదటిరోజే పెట్టుకోవాలి.

* టూల్ పేరు చూసి సరిపెట్టుకోవద్దు. అది రాసిన ప్రోగ్రాము ఏ కంపెనీ సర్వర్‌కి వెళ్తోందో సెట్టింగుల్లో చూడాలి. ఆఫీసు పని అయితే ముందు అనుమతి తీసుకోవాలి.

* ప్రోగ్రాము గడప దాటకూడదనుకుంటే 'ఒల్లామా' లాంటి వాటితో సొంత కంప్యూటర్లోనే మోడల్ నడుపుకోవచ్చు. కంప్యూటర్ కాస్త గట్టిదై ఉండాలి మరి!

* ఏ మోడల్ రాసిచ్చినా చదివి అర్థం చేసుకున్నాకే 'సరే' నొక్కాలి. మోడల్‌ని మార్చుకోవచ్చు. సరేనన్న బాధ్యత మాత్రం నొక్కినవాళ్లదే!