కిటికీ కూడా కొట్లాడి తెచ్చుకోవాల్సిందే

నీళ్ల కోసం మనం పోరాడాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. అప్పట్నుంచి నీళ్లు మా హక్కని ఊరికి చెప్తానే ఉన్నాం. భూమి కోసం పోరాడాం, కూలి కోసం పోరాడాం. గాలి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట. గాలి ఎవడబ్బ సొమ్మూ కాదు, ఊరికే వచ్చేది, దాన్ని అడిగేదేముంది అంటారు.

ఊరికే వచ్చేది ఊళ్లో వాళ్లకి. మన పల్లెలోకి గాలి రావాలంటే మధ్యలో స్థలం అడ్డం, గోడ అడ్డం, కూలి అడ్డం, వీటన్నిటి వెనకాల కులం అడ్డం.

మన ఇళ్లు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పదడుగులకి పన్నెండడుగుల గది. పైన రేకులు. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే ముసలామె మంచం, పిల్లల పుస్తకాలు, ధాన్యం బస్తా. రాత్రయితే దోమల చుట్ట. ఆ చుట్ట సంగతి ఒక్కటి చెప్తాను. ఒక చుట్ట మొత్తం కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదంత ఉంటుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొలిచి చెప్పారు. తలుపు, కిటికీ బిగించుకుని పసిబిడ్డ పక్కన దాన్ని వెలిగిస్తున్నాం. దోమలు మన కాలవల వల్ల వచ్చినయ్. కాలవలు తీయించని పంచాయతీ హాయిగా నిద్రపోతంది, చుట్ట పొగ మన బిడ్డ మింగుతంది.

నేను బడిపంతుల్ని. ఏడో తరగతి ఆడపిల్ల నోటుపుస్తకం తెరిస్తే కట్టెపొగ వాసన కొడుతుంది. ఎవరింట్లో తల్లి మిరపకోతలకి పోయిందో, ఏ పిల్ల పొద్దున్నే అన్నం వండి బడికొచ్చిందో హాజరుపట్టీ చూడకుండా చెప్పగలను. ఎర్రబడ్డ కళ్లతో కూర్చున్న పిల్లని రాత్రంతా టీవీ చూశావా అని తిట్టే పంతుళ్లు ఉన్నారు. ఆ పంతులింట్లో వంటగదికి రెండు కిటికీలు, పైన పొగ లాగే ఫ్యాను.

పొయ్యి పొగ కంటికి కనపడే నల్లటి మసి ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. కనపడని ధూళి ఉంటుంది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు ఉండే రేణువులు. అవి ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల అడుక్కి పోయి కూర్చుంటాయి. పిల్లలకి నిమోనియా, ఆడవాళ్లకి ఆయాసం, దగ్గు, కళ్లల్లో శుక్లాలు, చివరికి గుండెపోటు, పక్షవాతం దాకా దాని పనే. 2020 ఒక్క ఏడాదిలో ఇంటిపొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో అయిదేళ్లలోపు పిల్లలే 2 లక్షల 37 వేల మంది. వీళ్లలో జమీందార్ల బిడ్డలు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

గ్యాసు ఇచ్చాం కదా అంటారు ప్రభుత్వం వాళ్లు. ఇచ్చారు, కాదనను. 1999లో దీపం పథకమన్నారు, 2016లో ఉజ్వల అన్నారు. 2024లో ఆంధ్రాలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు, తెలంగాణాలో 500 రూపాయలకే సిలిండరన్నారు. మంచిదే. కాని అయిదారుగురున్న ఇంట్లో మూడు సిలిండర్లు ఏడాదంతా రావు. నాలుగోదానికి చేతిలో డబ్బుండాలి. పని లేని నెలల్లో సిలిండరు మూలన ఉంటది, టీకి, చుట్టాలొచ్చినప్పుడు వాడతారు. అన్నానికి, స్నానాల నీళ్లకి, పశువుల కుడితికి కట్టెలే. అంతకుముందు 1983లో కేంద్రం పొగలేని పొయ్యిలు మొదలెట్టింది. గొట్టం మసి పట్టి మూసుకుపోతే దులిపేవాడు లేడు, పగిలితే మార్చేవాడు లేడు. పొయ్యి మిగిలింది, పొగ మళ్లీ గదిలోకే వచ్చింది. వస్తువు ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోయే పథకాలకి ఇదే గతి.

ఇప్పుడు కిటికీ దగ్గరికి వద్దాం. ఇల్లు కట్టేటప్పుడు కిటికీ ఎంతుండాలో ఈ దేశంలో రాసిపెట్టిన లెక్కుంది. జాతీయ భవన నియమావళి అని పుస్తకం ఉంది. తలుపు కాక, కిటికీలు, వెంటిలేటర్లు అన్నీ కలిపి గది నేలలో పొడి వేడి ప్రాంతమైతే పదోవంతు, కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతమైతే ఆరోవంతు ఉండాలని అందులో ఉంది. లెక్క కట్టండి. పది పన్నెండ్ల గది అంటే 120 చదరపు అడుగులు. ఆరోవంతంటే 20. మూడడుగుల కిటికీ ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటే 9 అయింది. మిగతా 11 అడుగులు ఎవడు తిన్నాడు?

కిటికీ పెట్టినా గాలి రాదు, అది ఇంకో సంగతి. 2020 డిసెంబరులో ఆంధ్రాలో ఇచ్చిన పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటున్నరంటే 72 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. నీ గోడకి, పక్కవాడి గోడకి మధ్య మనిషి అడ్డంగా కూడా నడవలేడు. కిటికీ తెరిస్తే వాళ్ల పొయ్యి పొగ మనింట్లోకి, మన పొగ వాళ్లింట్లోకి. వీధివైపు తెరిస్తే పోయేవాడు లోపలికి చూస్తాడని ఆడవాళ్లు మూసేస్తారు. వాళ్లని అనేదేముంది? బట్టలు మార్చుకునేదీ ఆ గదిలోనే కదా. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్నాల్లో రెండు సెంట్లు ఇస్తామంది. తెలంగాణాలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు, కనీసం 400 అడుగులు కట్టాలంటున్నారు. ఈ రెండు చోట్లా ముగ్గు పోసేటప్పుడే మనం నోరు తెరవాలి. గోడ లేచాక నోరు తెరిచి లాభం లేదు.

వాస్తు సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అంటరానివాళ్ల ఇళ్లు దక్షిణపు దిక్కునే ఉండాలి, ఎందుకంటే అది అశుభమైన దిక్కు అన్నది ఊరి కట్టుబాటని అంబేడ్కర్ రాశారు. సరే, అశుభమని మనల్ని అక్కడికి తోశారు. పైరగాలి వచ్చేది ఎటునుంచి? దక్షిణం నుంచే. ఆ లెక్కన ఊరందరికంటే ముందు ఆ గాలి మనకే తగలాలి. తగలదు. ఎందుకంటే మేస్త్రి వచ్చి దక్షిణానికి కిటికీ పెడితే అరిష్టం, నైరుతి మూసెయ్యాలి అంటాడు, మనవాళ్లు తలూపుతారు. ఏ శాస్త్రం మనల్ని ఊరవతల పెట్టిందో ఆ శాస్త్రం చూసి మన కిటికీ మనమే మూసుకుంటన్నాం. ఇంతకంటే సిగ్గుచేటు ఉందా? ఎదురెదురు గోడలకి కిటికీలుంటేనే గాలి ఒకవైపు వచ్చి ఒకవైపు పోద్ది. వేడిగాలి పైకి లేస్తది కాబట్టి పైన రేకుల కింద వెంటిలేటర్ ఉండాలి. ఆడవాళ్ల మరుగుకి కూడా అదే మందు, తల ఎత్తు పైన ఉన్న కంతలోంచి ఎవడూ చూడలేడు. మే నెలలో మధ్యాహ్నం వడగాలప్పుడు మూసుకోవాలి, సందేళ నుంచి తెల్లారేదాకా తెరిచి పెట్టాలి. ఇదీ వాస్తు. దీనికి పంచాంగం అక్కర్లేదు.

గాలాడని గదిలో పొగ ఒక్కటే ఉండదు, క్షయ కూడా ఉంటది. క్షయ తుమ్ములోంచి, దగ్గులోంచి గాల్లోకి వచ్చి గంటల తరబడి తేలతా ఉంటది. గాలి మారే చోట పలచబడి పోద్ది, ఎండ తగిలితే క్రిమి చస్తది. మూసిన గదిలో అయిదుగురు పడుకుంటే దగ్గేవాడి గాలే మిగతా నలుగురూ పీలుస్తారు. ఆరు నెలలు మందు ఉచితంగా ఇస్తన్నారు, 2018లో తిండికి నెలకి 500 ఇచ్చి 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మందులు మానకండి, మాననివ్వకండి. కాని అదే గదిలోకి మనిషిని మళ్లీ పంపించి ఆ ఇంట్లోనే ఇంకొకళ్లకి వచ్చిందేమని ఆశ్చర్యపోతే ఎట్లా? 2020లో కరోనా వచ్చినప్పుడు విడిగదిలో ఉండమన్నారు. విడిగది! మన వాడలో ఆ మాట విని నవ్విన వాళ్లని నేను చూశాను, ఏడ్చిన వాళ్లనీ చూశాను.

ఇంటి సంగతి ఇట్లా ఉంటే పని దగ్గర ఇంకా ఘోరం. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పలు చెప్తారు. ఆ చుట్టుపక్కల షెడ్లల్లో కూర్చుని కాయకి తొడిమలు తీసే ఆడవాళ్లు ఎవరు? ఆ కోరుకి ముక్కు, కళ్లు, చేతులు మండుతుంటే పైట కొంగు ముక్కుకి కట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. పొగాకు గ్రేడింగు దగ్గర ఇంకో వింత. గాలి తగిలితే ఆకు ఎండి పొడవుద్దని తలుపులు మూస్తారు. ఆకు పొడి కాకూడదు, ఆడమనిషి ఊపిరితిత్తి ఏమైనా ఫర్లేదు. జిన్నింగు మిల్లుల్లో దూదిపొడి పీల్చేవాళ్లకి సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తది. ఆ రోగానికి బిసినోసిస్ అని పేరుంది. మనవాళ్లు జలుబనుకుంటారు, యజమాని బద్ధకమంటాడు.

షావుకారుని అడిగితే ఫ్యాను పెట్టించాం కదమ్మా అంటాడు. తిరిగే ఫ్యాను గాలిని తిప్పుద్ది, ధూళిని లేపుద్ది. ధూళి బయటికి పోవాలంటే ధూళి లేచే చోటే లాగే ఫ్యానుండాలి, దానికెదురు గాలి లోపలికొచ్చే దారుండాలి.

బాబాసాహెబ్ 1942 నుంచి 46 దాకా వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. వారానికి 54 గంటల పని 48 అయింది ఆయన కాలంలోనే. ఆ తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్లో గాలి, 14లో దుమ్ము, 16లో ఇరుకు గురించి రాశారు. మనిషికి 14.2 ఘనమీటర్ల చోటు ఉండాలన్నారు. ఆ చట్టాన్ని 2020 నాటి కొత్త కోడ్ లో కలిపేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లో పెట్టారు. గాలి, వెలుతురు ఉండాలని కొత్తదాంట్లోనూ ఉంది. మెలిక ఎక్కడంటే, పాతదాంట్లో కరెంటు వాడే చోట పదిమంది పనిచేస్తే ఫ్యాక్టరీ, కొత్తదాంట్లో ఇరవై మంది. కరెంటు లేని చోట ఇరవై ఉండేది నలభై అయింది. మనవాళ్లు కూర్చునే షెడ్లు చాలావరకు ఆ లెక్కకి కిందే ఉంటాయి. బీడీలు చుట్టే అక్కలకైతే ఆ అన్యాయం ముందునుంచీ ఉంది. ఇంట్లో కుటుంబంతో చేసుకునే పనికి వర్తించదని 1966 బీడీ చట్టంలోనే రాసేశారు. ఇంటినే ఖార్ఖానా చేశారు, ఖార్ఖానా చట్టం మాత్రం గుమ్మం దాటి లోపలికి రాదు.

ఇక గాలి లేక అక్కడికక్కడే చచ్చేది మనవాళ్లే. సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్ హోల్ లో గాలి ఉండదు, విషవాయువు ఉంటది. కుళ్లిన గుడ్డు వాసనొస్తది కదా, ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియకుండా ముక్కు మొద్దుబారుద్ది. ఒకడు పడతాడు, వాణ్ణి తీద్దామని దిగిన రెండోవాడూ పడతాడు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామాను లేకుండా మనిషిని దించడమే నేరం. చనిపోతే 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. ఎవరు దిగమన్నా దిగొద్దు. దిగి పడిపోయినవాడి కోసం తాడు, ఊపిరి మాస్కు లేకుండా ఇంకొకరు దిగొద్దు. గుండె రాయి చేసుకుని చెప్తున్న మాట ఇది.

దాడులు జరుగుతుంటే, భూములు పోతుంటే కిటికీల గొడవేంది మాస్టారూ అని మన సంఘంలోనే ఒక తమ్ముడు అన్నాడు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో ఏం జరిగిందో తెలిసినవాళ్లమే మనం. కాని తమ్ముడూ, సెంటున్నర ఇచ్చినవాడు మనకి భూమి తక్కువిచ్చాడా, గాలి తక్కువిచ్చాడా? రెండూ ఒక్కసారే కోశాడు. కిటికీ అడగడమంటే స్థలం అడగడమే.

ఈ పక్షం ప్రతి సంఘం వాళ్లూ తమ వాడలో పదిళ్లు కొలవండి. గది పొడవు, వెడల్పు, కిటికీ పొడవు, వెడల్పు, ఎదురుగోడకి కిటికీ ఉందా లేదా, పొయ్యి ఎక్కడుంది, ఎంతమంది పడుకుంటారు, దగ్గేవాళ్లున్నారా. కాగితం మీద రాసి గ్రామసభలో చదవండి. హౌసింగ్ ఇంజనీరుకి ఒక కాపీ ఇచ్చి రశీదు తీసుకోండి. కొత్త ఇళ్లకి ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటర్లు, ఇంటికీ ఇంటికీ మధ్య కనీసం బండి పోయేంత సందు కావాలని తీర్మానం రాయించండి. పల్లెలో ఉన్న షెడ్లకి పోయి లాగే ఫ్యాను ఉందో లేదో చూడండి, లోపలికి రానివ్వకపోతే ఆ సంగతే రాయండి. బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కల షెడ్డు కూడా మర్చిపోకండి, అది మా గోడ పక్కనే ఉంది, దాని పొగ నా తరగతి గదిలోకే వస్తది.

టేపు లేదని ఆగొద్దు. బడికి రండి, లెక్కల గదిలో మీటరు కర్ర ఉంది.