మీటర్లకు అందని పని

'బతకలేక బడిపంతులు' అన్న సామెత వీధిబడుల నాటిది. ఊరివాళ్లు కొలిచే గింజలు, పండక్కి పెట్టే పంచె తప్ప పంతులుకు వేరే రాబడి లేని రోజులవి. ఆ కాలం ఎప్పుడో పోయింది. సర్కారు టీచరు ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. సామెత మాత్రం పోలేదు. వేరే దిక్కు లేనివాళ్లే ఈ పనికి వస్తారన్న అనుమానాన్ని అది ఇంకా మోస్తోంది. కోరి వచ్చినవాళ్లకు ఇందులో తృప్తి ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలంటే మరమగ్గాల ఊరు భివండిని చూడాలి.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్న ఈ ఊరి నగరపాలిక పేరు భివండి నిజాంపూర్ మహానగరపాలిక. పాత పేట నిజాంపురా ఆ పేరులోనే కలిసిపోయింది. 2011 లెక్కల ప్రకారం ఊరి జనాభా సుమారు 7 లక్షలు. కొంకణీ ముస్లింలు, మరాఠీలు, గుజరాతీ వ్యాపారులు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్ నేతకారులు, తెలంగాణ పద్మశాలీలు ఇక్కడ కలిసి బతుకుతున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టలేనప్పుడు బొంబాయి, సోలాపూర్, సూరత్, 'భీమండి' (తెలుగువాళ్ల నోట భివండి) దారి పట్టినవాళ్ల సంతానమే ఊళ్లోని పద్మానగర్ తెలుగువాళ్లు. కార్ఖానాలో కూలి మీటరు లెక్కన ఇస్తారు. సాంచె (మరమగ్గం) మీద ఎంత గుడ్డ దిగితే అంత పగారు. పోగు తెగినా, కరెంటు పోయినా ఆ మేరకు చేతికొచ్చేది తగ్గుతుంది.

బడిలో ఇలాంటి కొలత లేదు. ఈరోజు చెప్పిన పాఠం ఎంతవరకు అంటిందో సాయంత్రానికి తేలదు, ఒక్కోసారి పదేళ్లకు గానీ తెలియదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో ప్రచురించిన 'స్కూల్‌టీచర్' అనే పుస్తకంలో ఈ సంగతినే పరిశీలించాడు. జీతం, హోదా దాదాపు అందరు టీచర్లకూ ఒకే తీరుగా ఉంటాయి. ఎంత బాగా చెప్పినా అవి పెద్దగా పెరగవు. అందుకే టీచర్లు తమ అసలు ప్రతిఫలాన్ని తరగతి గదిలోనే వెతుక్కుంటారని, ఒక పిల్లవాడికి విషయం అందిందని తెలిసిన క్షణంలోనే అది దొరుకుతుందని ఆయన తేల్చాడు. మరో మాట కూడా చెప్పాడు. ఎవరైనా చదువు ముగించేసరికి సుమారు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతారు. కాబట్టి ఈ పని తమకు తెలుసని అందరూ అనుకుంటారు. బల్లకు ఇటు కూర్చుని చూసింది పాఠం చెప్పడం మాత్రమే. పాఠం వెనకున్న తయారీ, తడబాటు, దిద్దుబాటు విద్యార్థికి కనిపించవు.

విషయం అందిన ఆ క్షణం ఎలా ఉంటుందో భివండిలోని తెలుగు బడిలో రెండో తరగతి గది చూపిస్తుంది. నల్లబల్ల మీద 'మగ్గం' అని రాసి ఉంది. పిల్లవాడు వేలితో గాలిలో గీస్తూ 'మ, గ, గకు గ వత్తు, సున్నా' అని విడివిడిగా అంటాడు. వత్తు దగ్గర ఆగుతాడు. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతాడు. మూడోసారి ఒక్క ఊపున 'మగ్గం' అని అనేసి టీచరు ముఖంలోకి చూస్తాడు. ఇంట్లో రోజూ వినే మాటే అది. అది బల్ల మీద కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. ఆ చూపును పట్టుకోగలిగిన టీచరుకు ఆ రోజు కూలి గిట్టినట్టే.

లెక్కల్లోనూ ఇంతే. పన్నెండో ఎక్కం అప్పజెప్పలేని పిల్లకు ఇంటి సాంచె గురించి చాలా తెలుసు. ఇంచుకు 52 పిక్కులు (పేక పోగులు) పడితే 36 ఇంచుల గజంలో ఎన్ని పడతాయని అడిగితే ఆ లెక్కతో ఆమెకు పని పడుతుంది. జవాబు 1,872. పడుగుకూ పేకకూ తేడా టీచరుకు తెలియకపోతే ఆ పిల్లే చెబుతుంది. గదిలో నేర్చుకునేవాళ్లు ఇద్దరవుతారు. ఏళ్లు గడిచినా ఈ పని విసుగు పుట్టించకుండా ఉండడానికి ఇదొక పెద్ద కారణం.

పిల్లల భాషలోకి వెళ్లిన టీచర్లకు ఈ తృప్తి ఎక్కువ దక్కుతుందనడానికి చరిత్రలో సాక్ష్యాలున్నాయి. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. దగ్గర్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. సోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడిలో పనిచేసిన రంజిత్‌సింహ్ డిసలే ఇంజనీరింగ్ వదిలి, తండ్రి సలహాతో టీచరు శిక్షణలో చేరారు. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడం. పాఠ్యపుస్తకం ఆ భాషలో లేదు. ఆయన కన్నడం నేర్చుకుని పాఠాలను తిరగరాశారు, పుస్తకాలకు క్యూఆర్ కోడ్‌లు జోడించారు. 2020లో 10 లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ గెలిచి, సగం సొమ్మును తుది వరసలో నిలిచిన మిగతా తొమ్మిది మందికీ పంచారు.

భివండిలో పిల్లల భాషలో పాఠం చెప్పే అవకాశానికి రాజ్యాంగం ఆసరా ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఏ అధికరణం చెబుతోంది. నగరపాలిక మరాఠీ, ఉర్దూ, హిందీ, గుజరాతీ బడులతో పాటు తెలుగు బడులూ నడుపుతోంది. పుణెలోని రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగులో పాఠ్యపుస్తకాలు అచ్చేస్తుంది. రాష్ట్రంలో పదో తరగతి పరీక్ష రాసే ఎనిమిది మాధ్యమాల్లో తెలుగు ఒకటి.

ఉద్యోగంలోకి వచ్చే దారి మాత్రం పొడుగ్గా ఉంటుంది. ప్రాథమిక తరగతులకు రెండేళ్ల డిప్లొమా, ఆ తర్వాత టెట్, దానిమీద నియామక పరీక్ష. మహారాష్ట్రలో కొత్తగా చేరినవాళ్లు మొదటి మూడేళ్లు 'శిక్షణ సేవకులు', అంటే విద్యా సేవకులు. వాళ్లకు నెలకు 6,000 రూపాయలుగా ఉన్న గౌరవ వేతనాన్ని 2023లో 16,000 చేశారు. ఆ గడువు దాటాకే పూర్తి స్కేలు వస్తుంది. ఎయిడ్ లేని ప్రైవేటు బడుల్లో ఆ భరోసా కూడా ఉండదు.

తృప్తిని తినేసేవి ఇంకా ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బయటి పనులు అప్పగించకూడదనీ అంటుంది. ఈ రెండూ పాటించని చోట పాఠానికి మిగిలే సమయం తరుగుతుంది. పెళ్లిళ్లకూ పండగలకూ కుటుంబాలు తెలంగాణకు వెళితే పిల్లలు వారాల తరబడి రారు. తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం వైపు మళ్లిన కొద్దీ తెలుగు తరగతి పలచబడుతుంది. టీచరు ఎంత మంచివాడైనా ఖాళీ బెంచీలకు పాఠం చెప్పలేడు.

తృప్తి జీతానికి బదులు కాదు. 'సేవ' అన్న మాట చూపి వేతనం కోసేవాళ్లు ఈ వృత్తికి సామెత కంటే ఎక్కువ చెరుపు చేస్తున్నారు. పదోన్నతి, పేరు, వేగంగా పెరిగే రాబడి కావాలనుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మంచిది. ఒక పిల్లవాడు వత్తు దగ్గర ఆగినప్పుడు విసుక్కోకుండా నిలబడగలిగినవాళ్లు, మూడోసారి మాట వచ్చినప్పుడు వాడితో సమానంగా సంతోషించగలిగినవాళ్లు రావాలి. డిప్లొమాకు దరఖాస్తు పెట్టే ముందు దగ్గర్లోని బడిలో ఒక వారం కూర్చుని చూస్తే, తాము ఎటువైపువాళ్లో వాళ్లకే తెలుస్తుంది.