చీపురు మనకు, సర్టిఫికెట్టు వాళ్లకా?

రామప్ప గుడికి 2021 జూలైల యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. సంబురమే. మరి గుడి ముందర బొండాలమ్మేటామెకు, లక్నవరంల పడవ నడిపేటాయనకు, తాడ్వాయి ఆటో డ్రైవర్‌కు ఏమొచ్చింది? ఇప్పుడు పర్యాటక కార్మికులకు 'డిజిటల్ నైపుణ్యం', 'గ్రీన్ నైపుణ్యం' నేర్పాలంటున్నరు. వినడానికి సొంపుగనే ఉంది. ఎవరికి, ఎక్కడ, ఏ భాషల అన్న కాడనే అసలు పేచీ.

శిక్షణలు మనకు కొత్తేం గాదు. 2009-10ల కేంద్రం 'హునర్ సే రోజ్‌గార్ తక్' పెట్టి వంట, వడ్డన, గదుల సఫాయి నేర్పింది. కొందరి పొట్ట నిండింది, కాదనం. కానీ అది పట్నం హోటల్‌కు పనోళ్లను తయారుజేసే సదువు. తర్వాత టూరిస్ట్ ఫెసిలిటేటర్ సదువును ఆన్‌లైన్ల పెట్టిండ్రు. సిగ్నల్ కోసం గుట్టెక్కేటోడు ఆన్‌లైన్ పరీక్ష ఎట్ల రాయాలె సారూ?

డిజిటల్ అంటే క్యూఆర్ కోడ్ అతికిచ్చుడు కాదు. ఫోన్ల పైసలు తీసుకునుడు ఛాయ్ బండాయన తనంతట తానే నేర్సుకుండు. నేర్పాల్సింది వేరే ఉంది. బుకింగ్ కంపెనీలు గది కిరాయిల నూటికి 15, 20 రూపాయలు కోసుకుంటయి. ఊర్లె రెండు గదులు కిరాయికిచ్చే ఇంటామె ఆ ఒప్పందం చదివి బేరమాడాలె. మ్యాపుల తన ఇల్లు తానే ఎక్కించుకోవాలె. అబద్ధపు రివ్యూకు జవాబియ్యాలె, ఓటీపీ అడిగే దొంగను గుర్తుపట్టాలె. ఇవి నేర్పకుంటే చేతిల ఉన్న ఫోనే కొత్త దళారీ అయితది.

ఇగ గ్రీన్ ముచ్చట వింటే నవ్వాలో ఏడ్వాలో తెల్వదు. మోదుగాకు ఇస్తారి కుట్టుడు ఎవరు ఎవరికి నేర్పాలె? 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు దేశమంత బంద్. ఆ దినం నుంచే ములుగు అడవుల ఇస్తారికి గిరాకీ లేవాలె. లేచిందా? మేడారం జాతరైన మర్నాడు గద్దెల చుట్టు ఒక్కసారి నడిచి చూడుండ్రి, జవాబు కాళ్లకే తగుల్తది. ఆకు, వెదురు, ఇప్పపువ్వు కోయ ఆడబిడ్డలకు సిలబస్ కాదు, బతుకు. వాళ్లను కింద కూసోబెట్టి లెక్చర్లిచ్చుడు బంద్ జేసి, పంతులమ్మలను జేసి జీతమియ్యుండ్రి. ముందు రిసార్టోళ్లకు పాఠం చెప్పిస్తరు.

కొత్తయి లేవని కాదు. తడి చెత్తను ఎరువు జేసుడు, సోలార్ మోటారు మరమ్మతు, పడవ ఇంజను నూనె నీళ్లల్ల కలవకుంట చూసుడు, ఇవి నేర్పాలె. లక్నవరం సెల్ఫీల కోసం తవ్విన గుంట కాదు, కాకతీయుల కాలపు చెరువు. దాని కింద పొలాలున్నయి.

ఒక్క దినం పనికి పోకపోతే పొయ్యి లేవని ఇండ్లు ఇవి. అందుకని శిక్షణ దినాలకు కూలి కట్టియ్యాలె. పాఠం తెలుగుల, కోయల ఉండాలె. బొగత ఎండిపోయే ఎండకాలంల పెట్టాలె, జలపాతం దుంకే వానకాలం గిరాకిల కాదు. పాసైనోళ్లకే గైడు పని, టికెట్ కౌంటరు ముందుగాల ఇయ్యాలె. ఎందరికి నేర్పిండ్రు, అందుల పాలంపేటోళ్లెందరు, తాడ్వాయోళ్లెందరు, ఎవరికి ఏ కొలువు దొరికింది, ఆ లెక్క పంచాయతీ గోడ మీద రాయాలె.