ఉన్నత విద్య కొందరికా? అందరికా?

కాలేజీ చదువులు విస్తరిస్తే సమాజానికి మేలు జరుగుతుందా? దీనికి మన దేశంలో రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. ‘అందరూ డిగ్రీలు చదివితే ఉద్యోగాలు ఎక్కడి నుంచి వస్తాయి? పొలం పనికి మనుషులు దొరకరు’ అని కొందరంటారు. చదువు విస్తరిస్తేనే హెచ్చుతగ్గులు తొలగుతాయని మరికొందరంటారు. ఈ రెండు వాదాలనూ పరిశీలిద్దాం.

ముందు కొన్ని అంకెలు చూడండి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో చేరి ఉన్నారు. వారిలో 2.07 కోట్ల మంది స్త్రీలు. 18-23 ఏళ్ల జనాభాతో పోలిస్తే మొత్తం నమోదు 28.4 శాతం. షెడ్యూల్డు కులాలలో ఇది 25.9 శాతం, షెడ్యూల్డు తెగలలో 21.2 శాతం. అంటే వెనుకబడినవారు ముందుకు వస్తున్నారు, కాని దూరం ఇంకా మిగిలే ఉంది.

మొదటి వాదంలో కొంత నిజం లేకపోలేదు. ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వేలను చూస్తే, నిరక్షరాస్యులలో కంటే పట్టభద్రులలో నిరుద్యోగ శాతం ఎక్కువ. అయితే చదువు దండగ అని దీని అర్థం కాదు. చదువులేని పేదవాడికి ఉద్యోగం కోసం ఎదురుచూసే వీలుండదు. పూట గడవాలంటే ఆ రోజు దొరికిన కూలికి పోవలసిందే. పైగా డిగ్రీలు పెరిగినకొద్దీ, ఒకప్పుడు పదో తరగతి చాలిన ఉద్యోగానికి ఇప్పుడు డిగ్రీ అడుగుతున్నారు. అప్పుడు ఎక్కువగా నష్టపోయేది డిగ్రీ లేనివాడే.

ఇంకొక మాట. ‘అందరికీ పెద్ద చదువులెందుకు?’ అనేవారు తమ పిల్లల చదువు మాన్పించరు. కొందరు నాగలి పట్టాలి, కొందరు కలం పట్టాలి అంటే, ఎవరు ఏది పట్టాలో నిర్ణయించేది ఎవరు? వెనుకటి రోజుల్లో పుట్టుకే దాన్ని నిర్ణయించింది. రైతుల నుంచి వచ్చే ఆదాయాన్ని ప్రభుత్వం పైవర్గాల ఉన్నత చదువులకు ఖర్చు చేస్తోందని జోతిరావు ఫూలే 1882లోనే హంటర్ కమిషన్‌కు విన్నవించారు.

అయితే కాలేజీల సంఖ్య పెరిగినంత మాత్రాన వర్గభేదాలు పోవు. డబ్బున్నవారి పిల్లలు పేరున్న సంస్థల్లో చేరతారు. పేదల పిల్లలు అధ్యాపకులు, ప్రయోగశాలలు సరిగా లేని కాలేజీలతో సరిపెట్టుకుంటారు. ఇద్దరి చేతికీ పట్టా వస్తుంది, కాని దాని విలువ ఒకటి కాదు. వెనుక కాలేజీ గేటు బయట ఉన్న గోడ ఇప్పుడు లోపలికి జరిగిందన్నమాట.

కాబట్టి ఊరి బడి బాగుపడాలి. ప్రభుత్వ కాలేజీల్లో ఖాళీలు నింపాలి. హాస్టళ్లు, ఉపకార వేతనాలు సకాలంలో అందాలి. పని చేసుకుంటూ చదివేవారి కోసం 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అటువంటి దారులు ఇంకా బలపడాలి. దానితోపాటు చేతిపనికి తగిన కూలీ, గౌరవం దక్కాలి. తాపీపని చేసేవాడికి గుమాస్తాతో సమానమైన మర్యాద ఉన్న సమాజంలో, చదువు కష్టం నుంచి తప్పించుకునే దారిగా మిగలదు, ఇష్టంతో ఎంచుకునే దారి అవుతుంది.

ఉన్నత విద్య అందరికీ అందుబాటులో ఉండాలి. చదవాలో వద్దో ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాన్ని పుట్టుకకూ పేదరికానికీ వదిలిపెట్టకూడదు.

ఆలోచించండి: మీ కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వెళ్లినవారు ఎవరు? ఎవరూ లేకపోతే, ఏ కారణం అడ్డుపడింది? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.